లేవలేని గొడ్డుకు ఆఖరి మేలు

తొడ ఎముక విరిగిన గేదె, నడుము పడిపోయిన ఆవు, లారీ గుద్దిన ఎద్దు... ఇక బతకదని ఇంట్లో అందరికీ తెలుసు. అయినా సరే, ‘దానంతట అదే పోవాలి’ అంటారు. అది పోయేలోపు గడిచే ఆ నాలుగైదు రోజుల సంగతి మాత్రం ఎవరూ మాట్లాడరు.

తెల్లవారుజాము నాలుగున్నర. తవుడు, కుడితి బకెట్టు పట్టుకుని కొట్టంలోకి వెళ్లిన ఇల్లాలి గుండె గుభేలుమంటుంది. గేదె పక్కకు ఒరిగి పడి ఉంటుంది. రాత్రి మూత్రంతో తడిసిన నాపరాళ్ల మీద వెనక కాళ్లు రెండూ చెరోవైపుకు జారిపోయి ఉంటాయి. కేకలు వింటూనే పక్కిళ్ల మగవాళ్లు పరిగెత్తుకొస్తారు. ఒకరు కొమ్ములు పడతారు, ఒకరు తోక పడతారు, ఇద్దరు పొట్ట కింద గోనెపట్టా దూర్చి ‘ఊఁ... పట్టండి’ అంటారు. గేదె ముందుకాళ్ల మీద లేవబోయి, దబ్బున కూలబడుతుంది. రెండోసారీ అంతే. మూడోసారి ఇక ప్రయత్నమే చేయదు.

పదింటికి డాక్టరు వస్తాడు. తొడ మీద అరచెయ్యి ఆనించి, కాలు మెల్లగా కదుపుతాడు. లోపల ఎముక ముక్కలు ఒకదానికొకటి రాసుకుని కరకరమంటాయి. రైతును పక్కకు పిలుస్తాడు.

‘‘బాబాయ్, తుంటి దగ్గర విరిగింది. ఇది లేవదు.’’

‘‘లేవకపోతే పోనీయండి డాక్టరుగారూ. తిన్నన్నాళ్లు తింటది. మేతెయ్యకుండా ఉంటామా?’’

‘‘మేత కాదు బాబాయ్, నొప్పి. నొప్పి లేకుండా పంపించే సూది ఉంది.’’

రైతు మాట్లాడడు. గడప దగ్గర కూర్చున్న ముసలమ్మ మాత్రం అందుకుంటుంది. ‘‘మా చేతుల మీదుగా వద్దు బాబూ. ఆరేళ్లు దాని పాలు తాగాం.’’

డాక్టరు నొప్పులకు ఒక సూది వేసి, చీటీ రాసిచ్చి బండెక్కుతాడు. మర్నాటికి గేదె కింది పక్క చర్మం కమిలిపోతుంది. మూడోరోజుకి పుండ్ల మీద ఈగలు, ఆ తర్వాత పురుగులు. మనిషి పక్కన లేనప్పుడు కాకి వచ్చి కంటి మీద పొడుస్తుంది. గేదెకి తల విదిలించే ఓపిక కూడా ఉండదు. అయిదోరోజు రాత్రి పోతుంది. ‘పాపం, దాని బాధ తీరింది’ అంటారంతా.

ఇది ఏ ఒక్క ఊరి కథో కాదు. పాడి ఉన్న ప్రతి ఊళ్లోనూ, పశువుల ఆసుపత్రిలో నాలుగేళ్లు పనిచేసిన ప్రతి డాక్టరుకూ తెలిసిన కథే. ఇందులో క్రూరులెవరూ లేరు. ఆ ముసలమ్మది ప్రేమే, రైతుది ప్రేమే. అయినా ఆ అయిదు రోజులూ గేదె పడింది నరకమే. ఎక్కడొచ్చింది తేడా?

బరువే శత్రువు

‘మనిషికి కాలు విరిగితే కట్టు కట్టడం లేదా? మరి గొడ్డుకెందుకు కట్టరు?’ ఎవరికైనా వచ్చే సందేహమే. ఎదిగిన ముర్రా గేదె బరువు నాలుగైదు వందల కిలోలు. ఒంగోలు ఎద్దయితే అంతకంటే ఎక్కువే. మనిషి మూడు నెలలు మంచం మీద పడుకోగలడు. అంత బరువున్న జంతువు పడుకోలేదు. పడుకుంటే దాని బరువే దాన్ని చంపుతుంది. కింద నలిగిన తొడ కండరాలకు రక్తం అందదు. ఆరు నుంచి పన్నెండు గంటల్లోనే కండరం, దాని వెంట నరం దెబ్బతినడం మొదలవుతుంది. అంటే, పొద్దున కేవలం కాలుజారి పడిన పశువు కూడా, ఒకే పక్కన వదిలేస్తే, సాయంత్రానికి నిజంగానే లేవలేని పశువైపోతుంది!

దూడలకైతే మోకాలి కింది ఎముక విరిగినా కట్టు కడితే చాలాసార్లు అతుక్కుంటుంది. బరువు తక్కువ, వయసు చిన్నది. పెద్ద పశువుకి పై ఎముకలు... తొడ ఎముక, భుజం ఎముక... విరిగితే ఆ ఆశ దాదాపు లేనట్టే. అక్కడ కండలు దట్టం. కట్టు నిలవదు. ఇనుప కడ్డీలు వేసినా ఆ బరువును మోయలేవు.

డబ్బు లేక కాదా ఇదంతా? కాదనడానికి గుర్రాల కథలు రెండున్నాయి. 2006లో అమెరికాలో కెంటకీ డెర్బీ గెలిచిన పందెంగుర్రం బార్బరో, ఆ తర్వాత రెండు వారాలకే మరో పందెంలో వెనక కాలు విరగ్గొట్టుకుంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పశువైద్యులు లోహపు పలకలతో ఎముక అతికించారు. ఖర్చుకు వెనకాడింది లేదు. విరిగిన కాలు మానడం మొదలైంది కూడా. కానీ భారమంతా మోసిన మిగతా కాళ్ల గిట్టలు పాడైపోయాయి. ఎనిమిది నెలలు పోరాడి, 2007 జనవరి 29న దానికి నొప్పిలేని మరణం ఇచ్చారు. మన దగ్గర డెహ్రాడూన్‌లో 2016 మార్చిలో ఓ నిరసన ప్రదర్శన గొడవలో కాలు విరిగిన పోలీసు గుర్రం శక్తిమాన్ చాలామందికి గుర్తుండే ఉంటుంది. కాలు తీసేశారు. కృత్రిమ కాలు పెట్టారు. దేశమంతా దాని కోసం ప్రార్థించింది. ఏప్రిల్ 20న చనిపోయింది. అంత వైద్యం అందిన జంతువులకే అలా అయితే, కొట్టంలో నాపరాయి మీద పడిన గేదె మాటేమిటి?

తొందరపాటూ తప్పే

అయితే, పడిపోయిన ప్రతి గొడ్డూ పోయేది కాదు. ఇది గట్టిగా చెప్పుకోవాల్సిన మాట. ఈనిన రెండు మూడు రోజుల్లో, బాగా పాలిచ్చే పశువు ఉన్నట్టుండి కూలబడి, మెడను డొక్కవైపు తిప్పుకుని మత్తుగా పడుకుందంటే అది పాలజ్వరం కావచ్చు. పేరుకే జ్వరం, నిజానికి చెవులు చల్లగా ఉంటాయి. ఒంట్లో కాల్షియం అంతా పాలలోకి వెళ్లిపోవడం వల్ల వచ్చే చిక్కు. డాక్టరు రక్తనాళంలోకి మెల్లగా కాల్షియం ఎక్కిస్తాడు. ఎక్కుతుండగానే పశువు తేన్పుతుంది, పేడ వేస్తుంది. చాలా పశువులు కాసేపట్లోనే లేచి నిలబడి గడ్డికి మూతి చాస్తాయి. చూసేవాళ్లకి మాయలా ఉంటుంది! అలాంటి పశువును ‘ఇక అయిపోయింది’ అని తేల్చేయడం ఎంత పాపం?

కడుపుబ్బరమూ అంతే. డొక్క డప్పులా ఉబ్బి ఊపిరాడక పడిపోయిన పశువుకి వేళకి గాలి తీస్తే బతుకుతుంది.

అందుకే పశువైద్యులు ముందు చూసేది పశువు కూర్చున్న తీరు. రొమ్ము మీద నిటారుగా కూర్చుని, చెవులు ఆడిస్తూ, మేత తింటూ, నెమరేస్తూ ఉందా? అయితే ఆశ ఉంది. కింద ఎండుగడ్డో ఇసుకో మందంగా పరిచి, మూడు నాలుగు గంటలకోసారి పక్క మార్చాలి. నీళ్లు మూతి దగ్గర పెట్టాలి. అలా కాకుండా పూర్తిగా పక్కకి పడిపోయి, మేత ముట్టక, పళ్లు కొరుకుతూ, మూలుగుతూ, కాళ్లు కొట్టుకుంటూ ఉంటే, పైగా ఎముక విరిగిందని చేతికి తెలుస్తుంటే... అప్పుడిక వేచి ఉండటం ఎవరి కోసం?

పిచ్చికుక్క కాటు వల్ల లక్షణాలు బయటపడిన పశువు సంగతి వేరు. దానికి మందు లేదు. మూత్రానికి ముక్కుతూ, అదేపనిగా అరుస్తూ, చొంగ కారుస్తూ ఉంటుంది. గొంతుకేదో అడ్డుపడిందనుకుని నోట్లో చెయ్యి పెట్టే రైతులు ఎందరో. అది ప్రాణాల మీదకు తెచ్చుకోవడమే. వెంటనే వేరుగా కట్టేసి, డాక్టరును పిలవాలి.

సబర్మతిలో ఒక దూడ

‘ఎవరి కోసం?’ అన్న ఈ ప్రశ్నని దాదాపు వందేళ్ల కిందటే ఒకాయన తనను తాను అడిగారు. అహింసనే మతంగా బతికిన మనిషి. గాంధీజీ!

1928లో సబర్మతి ఆశ్రమంలో ఒక దూడ జబ్బుపడింది. సేవలు చేశారు. వైద్యం చేయించారు. ఇక లాభం లేదన్నారు వైద్యులు. పక్కకు తిప్పబోయినా విలవిల్లాడేది. గాంధీజీ ఒక్కరే నిర్ణయం తీసుకోలేదు. ఆశ్రమ నిర్వాహకులతో చర్చించారు. ఒక ఇరుగుపొరుగు మిత్రుడు గట్టిగా అడ్డుపడ్డారు. ప్రాణం పోయలేని మనిషికి ప్రాణం తీసే హక్కు లేదన్నది ఆయన వాదన. మన ముసలమ్మ మాటే, కాస్త పెద్ద మాటల్లో. స్వార్థం కోసం తీసే ప్రాణమైతే ఆ వాదన నిలుస్తుంది కానీ, ఇక్కడ అది వర్తించదనుకున్నారు గాంధీజీ. ఒక పార్సీ డాక్టరును పిలిపించారు. ఆయన సూది వేశారు. రెండు నిమిషాల్లోపే అంతా ముగిసింది. గాంధీజీ అక్కడే ఉన్నారు.

ఆయన ఈ సంగతి దాచలేదు. గుజరాతీలో ‘నవజీవన్’లో, ఇంగ్లిషులో ‘యంగ్ ఇండియా’లో తానే రాశారు. గుప్పుమంది దేశం. గోవును పూజించే దేశంలో, అందునా జైన వర్తకుల అహ్మదాబాద్‌లో, మహాత్ముడు దూడను చంపించాడా! ఉత్తరాలు గుట్టలు గుట్టలుగా వచ్చాయి. కొన్ని ప్రశ్నలు, కొన్ని తిట్లు. ఆయన ఓపిగ్గా జవాబులు రాస్తూ పోయారు కానీ, చేసింది తప్పని మాత్రం అనలేదు. మనిషి రోగి అయితే అడిగి తెలుసుకోవచ్చు, ఎత్తి పక్క మార్చవచ్చు, సేవ చేయవచ్చు. దూడ విషయంలో ఆ దారులన్నీ మూసుకుపోయాయన్నది ఆయన పక్షం. హింసా అహింసా అన్నది చేతిలో ఉన్న సూదిని బట్టి కాదు, మనసులో ఉన్న ఉద్దేశాన్ని బట్టి అని ఆయన లెక్క. ఒప్పుకోని వాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు.

ఆయన ఎదుర్కొన్నది ఉత్తరాల్నే. ఇవాళ్టి పల్లె డాక్టరు ఎదుర్కోవాల్సింది అంతకంటే ఎక్కువే. సూది వేసి వెళ్లాక, ‘ఆ డాక్టరు వచ్చాడు, గొడ్డును చంపిపోయాడు’ అన్న మాట పక్క ఊరికి ఆయన కంటే ముందే చేరుతుంది.

కాగితం మీద చట్టం, రోడ్డు మీద ఆవు

చట్టం ఏమంటుంది? జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం 1960లో వచ్చింది. అందులో 13వ సెక్షను ఉన్నదే ఇందుకు. ఘోరంగా గాయపడిన, రోగంతో కదలలేని జంతువు కనిపించినప్పుడు, యజమాని లేకపోయినా, ఉండి ఒప్పుకోకపోయినా, కానిస్టేబుల్‌ కంటే పైస్థాయి పోలీసు అధికారి ఆ ప్రాంతపు పశువైద్యుణ్ని పిలిపించవచ్చు. ‘దీన్ని బతికించి ఉంచడమే క్రూరత్వం’ అని ఆయన ధ్రువీకరిస్తే, మేజిస్ట్రేటు ఉత్తర్వు తీసుకుని ఆ జంతువును బాధ నుంచి విముక్తం చేయవచ్చు. ఆ ఉత్తర్వు మీద అప్పీలు కూడా లేదు. చదవడానికి చక్కగా ఉంది. కానీ రాత్రి పదింటికి హైవే మీద లారీ గుద్దేసి పోయిన ఆవు దగ్గరికి మేజిస్ట్రేటు ఉత్తర్వు ఎంతసేపట్లో వస్తుంది? ఎస్సై గారు ఏ బందోబస్తులో ఉన్నారో!

అదే చట్టంలో ఇంకో మాట కూడా ఉంది. జబ్బుపడిన, అవిటిదైన పశువును సరైన కారణం లేకుండా వీధిలో చచ్చేలా వదిలేయడం యజమాని చేసిన నేరం. అంటే ‘దానంతట అదే పోతుంది’ అని రోడ్డు పక్కకి ఈడ్చేస్తే శిక్షార్హులే. శిక్ష ఎంతంటారా? మొదటిసారి అయితే 10 నుంచి 50 రూపాయల జరిమానా. ఎప్పటివో పాత అంకెలు, ఇప్పటికీ అవే.

యజమాని ఇంట్లోనే ఉండి, తానే ఒప్పుకుంటే ఇంత తతంగం ఉండదు. కానీ ఆవుల విషయంలో డాక్టర్లకు జంకు ఎక్కువ. రాష్ట్రంలో గోవధ నిషేధ, పశు సంరక్షణ చట్టం 1977 నుంచీ ఉంది. పైగా, నష్టం చేయాలన్న ఉద్దేశంతో పశువును చంపితే అయిదేళ్ల దాకా జైలు. పాత శిక్షాస్మృతిలో అది 429వ సెక్షను, 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహితలో 325. బాధ తీర్చడం కోసం చేసేది ఆ నేరం కిందికి రాకపోయినా, రేపు ఎవరైనా తగువుకొస్తే? అందుకే తెలివైన డాక్టరు ముందు కాగితం తీస్తాడు. గాయం ఏమిటి, ఎందుకు నయం కాదు, రైతు సమ్మతి, ఇద్దరు సాక్షుల సంతకాలు. గేదె అయినా సరే, ఇది రాసుకోవడం మంచిదే.

ఇంతకంటే దుర్మార్గం మరోటి జరుగుతుంటుంది. ‘ఎలాగూ పోయేదేగా’ అని దళారీ వస్తాడు. విరిగిన కాలుతోనే పశువును తాళ్లు కట్టి, జేసీబీతో ఎత్తి, ట్రాలీలో పడేసి కబేళాకు తోలతారు. 1978 నాటి జంతువుల రవాణా నిబంధనల ప్రకారం ప్రయాణానికి తగిన స్థితిలో ఉందని పశువైద్యుడి ధ్రువపత్రం లేనిదే పశువును బండెక్కించకూడదు. విరిగిన కాలుకు ఆ పత్రం ఎవరిస్తారు? ఆ రెండు వేలో మూడు వేలో రూపాయల కోసం, గోతుల రోడ్డు మీద ఆ జీవి పడే యాతన ముందు, సూది వేయించడానికి వెనకాడిన ఇంటివాళ్ల పాపభీతి చాలా చిన్నగా కనిపిస్తుంది.

‘సూది వేయిస్తే బీమా రాదు’

ఇది ఊళ్లలో బలంగా ఉన్న నమ్మకం. చాలామంది రైతులు పశువు దానంతట అది పోయేదాకా ఆగేది ఇందుకే. కానీ మన పశుబీమా పాలసీల షరతుల్లో మామూలుగా ఉండే మాట ఇది: కావాలని చంపితే పరిహారం ఇవ్వరు... నయంకాని బాధ నుంచి తప్పించడానికి అవసరమని పశువైద్యుడు ధ్రువీకరిస్తే తప్ప. ఈ చివరి ముక్క ఏజెంటు చెప్పడు, రైతు చదవడు. పాలసీ కాగితం తీసి ఈ షరతు ఉందో లేదో చూసుకోవాలి. ఉంటే ముందే కంపెనీకి ఫోను చేసి, డాక్టరు ధ్రువపత్రం, ఫొటోలు, పోస్టుమార్టం నివేదిక సిద్ధం చేసుకోవాలి. చెవికి వేసిన ట్యాగు పోకూడదు. ట్యాగు లేకపోతే క్లెయిమూ లేదు.

ఆ పది నిమిషాలు

సరే, అందరూ ఒప్పుకున్నారు. ఏం జరుగుతుంది? పాశ్చాత్య దేశాల్లో పశువుల నుదుటి మీద తుపాకీ గానీ, ఇనుప కడ్డీ దూసుకెళ్లే బోల్టు యంత్రం గానీ వాడతారు. చూడటానికి ఘోరంగా ఉన్నా, సరైన చోట తగిలితే ఆ క్షణంలోనే స్పృహ పోతుంది. మన పల్లెల్లో తుపాకీ మాటే లేదు. సూదే దారి.

ముందు మత్తు. జైలజీన్ అనే మందుకి పశువులు చాలా త్వరగా లొంగుతాయి. గుర్రానికి పట్టే మోతాదులో పదో వంతు చాలు. తల వాలుతుంది. ఆ తర్వాత మెడ నరంలోకి పెంటోబార్బిటాల్ గానీ, అది దొరకని చోట థయోపెంటోన్ గానీ ఎక్కిస్తారు. స్పృహ పూర్తిగా పోయాక, ఊపిరి, గుండె ఆగుతాయి. చాలాచోట్ల ఈ గాఢ మత్తు వచ్చాకే మెగ్నీషియం సల్ఫేట్ చిక్కటి ద్రావణం ఇచ్చి గుండెను ఆపుతారు. ఇక్కడ వరస తప్పితే అంతా తప్పినట్టే. మత్తు లేకుండా మెగ్నీషియమో, పొటాషియమో ఎక్కిస్తే, పశువు అన్నీ తెలుస్తూండగానే గుండె ఆగి చస్తుంది. బయటికి ప్రశాంతంగా కనిపించవచ్చు, లోపల మాత్రం చిత్రవధే. ఇక పురుగులమందు పట్టించడం, గొడ్డలి తిరగేసి తల మీద మోదడం లాంటివి చెప్పనే అక్కర్లేదు. ఇది డాక్టరు పనే. కాంపౌండరుది కాదు, మందులషాపు వాడిదీ కాదు.

ఇంటివాళ్లకి ముందే చెప్పి ఉంచాల్సిన సంగతులు కొన్నున్నాయి. కళ్లు మూసుకోదు. స్పృహ పోయాక కూడా ఒకటి రెండు సార్లు గట్టిగా ఎగపీల్చవచ్చు. కాళ్లు కొట్టుకోవచ్చు. తెలియనివాళ్లు ‘అయ్యో, బతికే ఉంది’ అని హడలిపోతారు. అది బాధ కాదు, కండరాల అదురు. డాక్టరు కంటిపాప మీద వేలు ఆనిస్తాడు. రెప్ప కదలదు. స్టెతస్కోపు పెట్టి కొన్ని నిమిషాల పాటు వింటాడు. చప్పుడు పూర్తిగా లేదని రూఢి అయ్యాకే లేస్తాడు. మంచి డాక్టరు ఆ పది నిమిషాలూ తొందరపడడు, ఫోను ఎత్తడు.

డాక్టరు దొరకాలి కదా, అదీ ఓ సమస్యే. 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాలు తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో మొదలయ్యాయి. వాహనం వచ్చేలోపు నీడ కల్పించడం, మెత్తటి పక్క వేయడం, తల దగ్గర నీళ్లు పెట్టడం, కాకుల్ని, కుక్కల్ని దగ్గరికి రానీయకపోవడం... రైతు చేతిలో ఉన్నవి ఇవే. కాళ్లకు తాళ్లు కట్టి ఈడ్వడం మాత్రం కాదు.

అంతా అయ్యాక కళేబరాన్ని ఊరవతల దిబ్బ మీద పారేయడం మన అలవాటు. ఈసారి మాత్రం కుదరదు. ఎక్కించిన మత్తుమందు మాంసంలో అలాగే ఉండిపోతుంది. తిన్న కుక్క, రాబందు, గద్ద కూడా పోతాయి. పశువులకు వాడిన డైక్లోఫినాక్ అనే నొప్పి మాత్రల మందు కళేబరాల ద్వారా దేశంలోని రాబందుల్ని ఎలా తుడిచిపెట్టిందో చూశాకే, 2006లో దాన్ని పశువైద్యంలో నిషేధించారు. అందుకని చర్మం కోసమో, మాంసం కోసమో ఎవరికీ ఇవ్వకూడదు. బావికీ, కాలువకీ దూరంగా, ఆరడుగులకు తక్కువ కాకుండా గొయ్యి తీయించాలి. పోస్టుమార్టం ఉంటే అది పూర్తయ్యాక, ట్యాగు భద్రపరుచుకుని, సున్నం చల్లి పూడ్చాలి. నిన్న గేదెను ఎత్తడానికి పిలుద్దామనుకున్న ఆ జేసీబీనే గొయ్యి తవ్వడానికి పిలిస్తే అరగంట పని.